మ్యాజిక్ సంఘం ఆడిషన్: ఎక్కడ తేడా కొడుతుంది, ఎలా సరిచేసుకోవాలి

ఇంట్లో ఎప్పుడు చేసినా తప్పని ఐటమ్ సంఘం పెద్దల ముందు నిలబడేసరికి చెడిపోతుంది. తిరుపతి, చిత్తూరు వైపు మ్యాజిక్ సంఘంలో చేరడానికి ఆడిషన్‌కి తయారయ్యే పిల్లలు చెప్పేది ఎక్కువగా ఇదే. వాళ్ళ ప్రాక్టీసు చూస్తే చేతిలో లోపం ఉండేది తక్కువ. నేర్చుకున్న చోటుకీ చేసి చూపించే చోటుకీ ఉన్న తేడాలోనే చిక్కంతా ఉంటుంది. పడగ్గదిలో బనీను మీద, ఫ్యాన్ ఆపుకుని, అద్దం ముందు వచ్చిన విద్య హాల్లో కోటు వేసుకుని, మైకు పట్టుకుని, పక్క కుర్చీలో మనిషి చూస్తుండగా కూడా రావాలి కదా! అందుకే కింద చెప్పేవాటిలో కొత్త టెక్నిక్కులు తక్కువ. రిహార్సల్ చేసే తీరు మార్చుకోవడమే ఎక్కువ.

ఐటమ్‌ల గుట్టు మాత్రం ఇక్కడ విప్పను. 1905లో లండన్‌లో పుట్టిన మ్యాజిక్ సర్కిల్ దగ్గర నుంచి మన ఊళ్ళ చిన్న సంఘాల దాకా సభ్యుడి మొదటి బాధ్యత గుట్టు కాపాడటమే. చేరకముందు నుంచే ఆ అలవాటు ఉండాలి.

మొదటి నిమిషంలో చేతులు వణుకుతున్నాయి

భయమేసినప్పుడు ఒంట్లో అడ్రినలిన్ పెరుగుతుంది. గుండె దడదడలాడుతుంది, వేళ్ళ కొసలు చల్లబడతాయి, అరచేతులకు చెమట పడుతుంది. పరిగెత్తడానికి, బరువెత్తడానికి పనికొచ్చే స్థితి అది. వేళ్ళతో సన్నపని చేయడానికి పనికిరాదు. దాన్ని పూర్తిగా ఆపాలని చూడకండి, ఆగదు. ఐటమ్‌ల వరుస మార్చండి.

పేకముక్కల్ని విసనకర్రలా విప్పి గాల్లో పట్టుకుంటే వేళ్ళలోని చిన్న వణుకు ముక్కల కొసల్లో పెద్దదై కనిపిస్తుంది. వేలాడే దారం, తాడు కూడా అంతే. కదలని చెయ్యి వణుకుని చూపిస్తుంది, కదిలే చెయ్యి దాచేస్తుంది. కాబట్టి మొదటి ఐటమ్‌లో చేతులు పెద్దగా కదలాలి, సున్నితమైన పట్టు ఒక్కటి కూడా ఉండకూడదు. మోచేతులు ఒంటికి దగ్గరగా పెట్టుకోండి. పేకల పని ఉంటే ముక్కల్ని బల్ల మీద పరచండి. ఊపిరి పీల్చుకునే దానికన్నా వదిలేది ఎక్కువసేపు వదలండి.

ఇంకో పని కూడా చేయండి. మేడమెట్లు గబగబా నాలుగుసార్లు ఎక్కి దిగి, గుండె కొట్టుకుంటుండగానే యాక్టు మొదలుపెట్టండి. ఆడిషన్‌లో శరీరం ఎలా ఉంటుందో దానికి చాలా దగ్గరి స్థితి ఇదే. అప్పుడు కూడా తప్పని ఐటమ్‌నే మొదట పెట్టుకోండి.

ముక్కలు అతుక్కుంటున్నాయి, బిళ్ళ జారిపోతోంది

మన వైపు ఏప్రిల్, మే నెలల్లో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల తేమ. అట్టతో చేసిన పేకలు చెమటనీ తేమనీ పీల్చుకుని కొద్దిగా వంగుతాయి, ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. కట్టని జిప్ కవర్లో పెట్టండి. వాడిన కట్ట ఒకటి, సరిపడా మెత్తబడిన కొత్త కట్ట ఒకటి తీసుకెళ్ళండి. సీల్ అప్పుడే తీసిన కట్టతో వేదికెక్కకండి, అది మరీ జారుతుంది. చేతులకు పౌడర్ రాస్తే నల్ల కోటు మీద తెల్ల మచ్చలు పడతాయి. దానికన్నా జేబులో పొడి చేతిగుడ్డ మేలు.

సైజు కూడా చూసుకోండి. వీడియోల్లో ఎక్కువగా కనిపించేది 63 మిల్లీమీటర్ల వెడల్పున్న పోకర్ సైజు. మన అంగళ్ళలో 57 మిల్లీమీటర్ల బ్రిడ్జ్ సైజు కట్టలు కూడా దొరుకుతాయి. ఒకదాంతో నేర్చుకుని రెండోదాంతో చేస్తే పట్టు తప్పుతుంది.

బిళ్ళలతో ఈ ఇబ్బంది ఇంకా ఎక్కువ. పుస్తకాల్లో, వీడియోల్లో నేర్పేది చాలావరకు అమెరికా హాఫ్ డాలర్‌తో, అది 30 మిల్లీమీటర్ల పైనే ఉంటుంది. మన పది రూపాయల బిళ్ళ 27 మిల్లీమీటర్లు. వాళ్ళ అరచేతిలో కూర్చున్నట్టు మన చేతిలో కూర్చోదు. అది మీ చేతి తప్పు కాదు. ఇంట్లో పాత పెద్ద రూపాయి బిళ్ళలుంటే వాటితో ప్రయత్నించండి, లేదా మీ బిళ్ళకి తగినట్టు పట్టు మార్చుకోండి. ఏదైనా సరే, ఆడిషన్‌లో వాడే బిళ్ళలతోనే సాధన చేయాలి.

సరిగ్గా ఆ క్షణంలోనే అందరూ ఆ చేతినే చూస్తున్నారు

అన్నిటికన్నా ముఖ్యమైన చిక్కు ఇది. కారణం దాదాపు ఎప్పుడూ మనలోనే ఉంటుంది. రహస్యమైన పని చేసే క్షణంలో మనం నాలుగు పనులు మనకు తెలియకుండానే చేస్తాం: ఆ చేతిని చూస్తాం, మాట ఆపేస్తాం, భుజం బిగిస్తాం, ఊపిరి బిగబడతాం. చూసేవాళ్ళకు మ్యాజిక్ తెలియక్కర్లేదు. ఇక్కడేదో జరిగిందని ఆ బిగింపే చెప్పేస్తుంది.

అద్దం ముందు ఏళ్ళ తరబడి సాధన చేసినవాళ్ళలో ఇంకో దోషం ఉంటుంది. పట్టు మార్చే క్షణంలో రెప్ప వాలిపోతుంది. తప్పు తన కంటపడకుండా మనసే ఆ రెప్ప వేయిస్తుంది. అందుకే అద్దంలో అంతా నున్నగా కనిపిస్తుంది. ఇది పట్టుకోవాలంటే ఫోన్ కెమెరా ఒక్కటే దారి. వీడియో తీసి, శబ్దం ఆపేసి, మీ చేతుల్ని కాకుండా మీ ముఖాన్ని మాత్రమే చూడండి. రెప్ప ఎక్కడ పడింది, కనుబొమ్మ ఎక్కడ లేచింది, పెదవులు ఎక్కడ బిగిశాయి, అన్నీ రాసుకోండి. తర్వాత ముఖాన్ని అరచేత్తో కప్పి భుజాల్ని చూడండి.

సరిచేసుకునే పద్ధతి ఇలా. ముందు దొంగపని లేకుండా నిజంగానే ఆ పని చేయండి. బిళ్ళని నిజంగానే కుడిచేతి నుంచి ఎడమచేతికి మార్చండి. ఆ మామూలు కదలికని పదేపదే వీడియో తీసుకోండి. మీ చెయ్యి ఎంత వేగంతో పోతుంది, కళ్ళు ఎటు తిరుగుతాయి, ఎడమ గుప్పిట ఎంత లావుగా మూసుకుంటుంది? అసలు ఐటమ్ కూడా అచ్చం అలాగే ఉండాలి. చాలామంది ఖాళీ గుప్పిటని మరీ గట్టిగా మూస్తారు. లోపల బిళ్ళ ఉన్న గుప్పిట అంత గట్టిగా మూసుకోదు.

ఆ తర్వాత కళ్ళ పని. మీరు ఎటు చూస్తే జనం అటు చూస్తారు. మీరు తలెత్తి ఎదుటి మనిషి కళ్ళలోకి చూసి ప్రశ్న అడిగితే, జవాబు చెప్పడానికి ఆ మనిషి మీ ముఖమే చూస్తాడు. "అన్నా, నీ పేరేంది?" అన్న మాటకి అంత బలం ఉంది. అలాగే నవ్వు, చప్పట్లు వచ్చిన వెంటనే అందరి పట్టూ కాస్త సడలుతుంది. కష్టమైన పని ఐటమ్ మధ్యలో కాకుండా ఆ సడలిన చోట పడేటట్టు యాక్టుని తిరిగి అల్లుకోండి. అనుభవమున్న జడ్జీ దీన్ని గమనిస్తాడు, గమనించి మెచ్చుకుంటాడు.

పక్కన కూర్చున్నవాళ్ళకి అంతా కనిపిస్తోంది

అద్దానికి ఒకే ఒక్క యాంగిల్. జడ్జీలు మాత్రం పక్క వరుసల్లో కూడా కూర్చుంటారు. ఫోన్‌ని ఎడమ చివర, కుడి చివర, కుర్చీలో కూర్చున్న మనిషి కంటి ఎత్తులో పెట్టి మూడుసార్లు తీయండి. ఏ వైపు బయటపడుతుందో తెలిస్తే వేదిక మీద ఎక్కడ నిలబడాలో అదే తేలుతుంది. మన కల్యాణ మంటపాల్లో, ఆడిటోరియాల్లో ఈ మధ్య వెనకాల ఎల్ఈడీ తెర పెడుతున్నారు. వెలుగు వెనక నుంచి వస్తే పల్చటి సిల్కు రుమాల్లో ఉన్నదంతా నీడలా తెలిసిపోతుంది. ముందే వెళ్ళి చూసుకోండి. పెడెస్టల్ ఫ్యాన్ మీ వైపు తిరిగి ఉంటే సిల్కులు, ముక్కలు ఎగిరిపోతాయి. మీ యాక్టు అయ్యేదాకా పక్కకి తిప్పమని నిర్వాహకుల్ని అడగడంలో తప్పేం లేదు.

చేతికి మైకు ఇచ్చారు

రెండు చేతులూ కావాల్సిన ఐటమ్, ఒక చేతిలో మైకు! ఇది చాలామంది ఊహించని దెబ్బ. కాలర్ మైకు ఉందా, స్టాండ్ ఉందా అని ముందు రోజే మైక్ సెట్ వాళ్ళని కనుక్కోండి. ఏదీ లేకపోతే ఎప్పుడు మాట్లాడతారో, ఎప్పుడు మైకు బల్ల మీద పెట్టి మౌనంగా చేస్తారో విడదీసి, ఇంట్లో చపాతీ కర్ర పట్టుకుని అలాగే రిహార్సల్ చేయండి. మ్యూజిక్ మీ ఫోన్‌లో ఉంటే ఫ్లైట్ మోడ్‌లో పెట్టి ఇవ్వండి, ఒక పెన్‌డ్రైవ్ కూడా ఉంచుకోండి.

బట్టల సంగతి ఒక్కమాట. కొత్తగా కుట్టించిన కోటు జేబులు ఒక్కోసారి కుట్టు వేసి ఉంటాయి. వేదిక మీద చెయ్యి జేబులోకి పోకపోతే ఏం చేస్తారు? ఆ కుట్లు విప్పుకుని, ఆ కోటులోనే రిహార్సల్ చేయండి. పంచెకట్టులో చేస్తామంటే ఇంకా మంచిదే, చూడముచ్చటగా ఉంటుంది. కానీ కోటు జేబులు చేసే పని దేంతో చేయిస్తారో మొదటి రోజు నుంచే తేల్చుకోవాలి.

టైం సరిపోలేదు

ప్రపంచ స్థాయి ఫిస్మ్ పోటీల్లో కూడా ఒక్కో యాక్టుకి 5 నుంచి 10 నిమిషాలే. ఇంట్లో ఎనిమిది నిమిషాల యాక్టు హాల్లో పెరుగుతుంది. సామాను సర్దుకోవడం, ఎవరినో వేదిక మీదికి పిలవడం, నవ్వులు, చప్పట్లు ఇంటి రిహార్సల్లో ఉండవు. 1956 ఏప్రిల్లో బ్రిటన్ టీవీ బీబీసీ పనోరమా కార్యక్రమంలో మన దేశపు పేరున్న మెజీషియన్ పి.సి. సర్కార్ ఒక అమ్మాయిని రంపంతో రెండుగా కోసే ఐటమ్ చేశారు. ఆమెను తిరిగి లేపేలోపే టైం అయిపోయి ప్రసారం ముగిసింది. ఆ అమ్మాయికి ఏమైందోనని జనం బీబీసీకి ఫోన్ల మీద ఫోన్లు చేశారు. సర్కార్‌కి అది గొప్ప ప్రచారమైంది. ఆడిషన్‌లో గంట మోగితే మాత్రం మీ చివరి ఐటమ్, అంటే మీ గొప్ప ఐటమ్, ఎవరూ చూడకుండా పోతుంది. ఇచ్చిన సమయంలో ఐదో వంతు ఖాళీగా వదిలి యాక్టు కట్టుకోండి. ఎక్కువైతే వేగం పెంచకండి, ఒక ఐటమ్ తీసేయండి. తీసేయడానికి మనసొప్పదు, నిజమే. అయినా తీసేయండి.

పిలిచిన మనిషి ముక్క మర్చిపోయాడు

పది మంది ముందుకి వచ్చిన మనిషికి మనకన్నా ఎక్కువ కంగారు. దానికి తోడు ఒకే ఊపిరిలో మూడు పనులు చెప్తే ఏదో ఒకటి పోతుంది. ఒక్కో పని చెప్పి, అది అయ్యాక రెండోది చెప్పండి. తీసిన ముక్కని హాల్లో అందరికీ చూపించమనండి, లేదా దాని మీద సంతకం పెట్టించండి. పెద్దవాళ్ళయితే "అమ్మా", "సార్", ఈడువాళ్ళయితే "అన్నా", "అక్కా". నవ్వు కోసం వాళ్ళని చిన్నబుచ్చొద్దు. వచ్చిన మనిషిని మర్యాదగా మళ్ళీ కుర్చీ దాకా పంపడం కూడా యాక్టులో భాగమే, జడ్జీలు అది కూడా చూస్తారు.

జడ్జీల ముఖంలో ఏ కదలికా లేదు

వాళ్ళని బోల్తా కొట్టించాలని వెళ్తే ఇలాగే అనిపిస్తుంది. వాళ్ళకి ఆ ఐటమ్ తెలుసు, బహుశా మీకన్నా ముందే తెలుసు. వాళ్ళు చూసేది వేరు. పని శుభ్రంగా ఉందా, గుట్టు దాగిందా, మామూలు జనం దీన్ని చూసి సంతోషిస్తారా, ఈ మనిషిని సంఘం పేరుతో ఒక బడికో పెళ్ళికో పంపొచ్చా? అందుకే కొత్తగా కొన్న ఖరీదైన సామానుకన్నా మీకు బాగా అలవాటైన పాత ఐటమే మేలు.

ముఖాలు బిగుసుకుపోవడానికి ఇంకో కారణం కూడా ఉంది, అరువు మాటలు. యూట్యూబ్‌లో విన్న ఇంగ్లీషు డైలాగుల్ని తెలుగులోకి దింపి అప్పజెప్తే ఎవరికీ ఎక్కవు. "ప్రియమైన ప్రేక్షకులారా, నా చేతిలో ఒక సాధారణమైన పేకల కట్ట ఉన్నది" అని ఇంట్లో ఎవరైనా మాట్లాడతారా? "చూడన్నా, మొన్న గాంధీరోడ్డులో కొన్న కట్ట ఇది. ఇట్లా ఇస్తా, నీ ఇష్టమొచ్చినట్టు కలుపు" అంటే సరిపోయె. మన యాసని దాచుకోవద్దు, అది మన బలం. అలాగే ఇంకొకరి యాక్టుని మాటలతో, మ్యూజిక్‌తో సహా దింపేస్తే వెంటనే దొరికిపోతారు. ఎవరి దగ్గర నేర్చుకున్నారో ఆ గురువు పేరు చెప్పండి, అందులో మీరేం మార్చారో కూడా చెప్పగలగాలి.

యాక్టు బాగా జరిగింది, ప్రశ్నల దగ్గర తడబడ్డాం

కొన్ని సంఘాలు యాక్టు అయ్యాక కూర్చోబెట్టి మాట్లాడతాయి. సొసైటీ ఆఫ్ అమెరికన్ మెజీషియన్స్ 1902లో న్యూయార్క్‌లో మొదలైందనీ, సంకెళ్ళ నుంచి తప్పించుకునే ఐటమ్‌లతో పేరుపొందిన హుడిని 1917 నుంచి 1926లో చనిపోయేదాకా దానికి అధ్యక్షుడనీ, సర్కార్ 1913లో పుట్టి 1971లో జపాన్‌లో ప్రదర్శనలిస్తూ పోయారనీ తెలిస్తే మంచిది. తెలుగునాట ఇంద్రజాలానికి, హిప్నాటిజానికి ఇంటింటా పేరు తెచ్చిన బి.వి. పట్టాభిరామ్ గారి గురించి తెలియకపోతే మాత్రం బాగుండదు. వీధుల్లో గారడీవాళ్ళు గిన్నెలూ బంతులతో చేసే ఆట గురించి అడిగితే చులకన చేసి మాట్లాడకండి. చుట్టూ నాలుగు వైపులా జనం ఉండగా, నేల మీద కూర్చుని, బల్ల కూడా లేకుండా చేసే ఆ పని మన వేదిక పనికన్నా కష్టం.

పావురాలు, చిలుకలు వాడతారా, నిప్పు వాడతారా అని కూడా అడగొచ్చు. రామచిలుకలకి 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉంది, పట్టి పెంచడమే నేరం. భగ్గుమని మండే కాగితం లాంటివి రైల్లో తీసుకెళ్ళకూడదు. చెన్నైకో హైదరాబాదుకో ఆడిషన్‌కి వెళ్ళేవాళ్ళు వాటిని యాక్టు నుంచే తీసేయడం మంచిది.

జాబితాలో పేరు రాలేదు

"ఎలా ఉంది సార్?" అని అడిగితే "బాగుందప్పా" అంటారు, దాంతో ఏమీ తెలియదు. "మీకు ఎక్కడ అనుమానం వచ్చింది సార్? ఎక్కడ విసుగనిపించింది?" అని అడగండి. చెప్పింది అక్కడే రాసుకోండి, ఎదురు వాదించొద్దు. మళ్ళీ ఎప్పుడు రావచ్చో, అదే యాక్టు తేవచ్చో లేదో కార్యదర్శిని కనుక్కోండి. వీలైతే ఆడిషన్ రోజు యాక్టుని మీ స్నేహితుడి చేత వీడియో తీయించుకోవడానికి ముందే అనుమతి అడిగి ఉంచుకోండి. జడ్జీ చెప్పిన ఆ క్షణం వీడియోలో దొరికితే, రిహార్సల్ మళ్ళీ అక్కడి నుంచే మొదలుపెట్టొచ్చు.