బెంగళూరులో ఉద్యోగం మానేసి నింపాదిగా బతకాలంటే ఏం చేయాలి?

మారతహళ్లి, వైట్‌ఫీల్డ్ వైపు ఉద్యోగం మానేసిన మనవాళ్లు చాలామంది ఏడాది తిరక్కుండానే మళ్లీ ఇంటర్వ్యూలకు తిరుగుతున్నారు. ఆ బతుకు నచ్చక కాదు, ముందు చేయాల్సింది చేయక.

మొదట, ఆరు నెలలు సగం జీతంతోనే ఇల్లు నడపండి. నడవకపోతే రాజీనామా మాట ఎత్తొద్దు. ఐదేళ్ల సర్వీసుకు కొద్ది నెలలే తక్కువైతే ఆగండి, గ్రాట్యుటీ (మానేటప్పుడు కంపెనీ ఇచ్చే సొమ్ము) వస్తుంది. పీఎఫ్ కదపొద్దు. ఇల్లు మారేదుంటే చేతిలో జీతం స్లిప్పు ఉండగానే మారండి.

ఇక అందరూ చెడగొట్టేది హెల్త్ ఇన్సూరెన్స్. ఆఫీసు ఇచ్చిన పాలసీ సాధారణంగా ఆఖరి పనిదినంతో ఆగిపోతుంది. అందులో అమ్మానాన్నలు ఉంటే వాళ్లకూ అంతే. మర్నాడు కొత్త పాలసీ కొన్నా, ప్రమాదాలకు తప్ప మొదటి 30 రోజులు క్లెయిము ఉండదు. ముందే ఉన్న షుగరు, బీపీ లాంటివాటికి మూడేళ్ల దాకా ఆగాల్సి రావచ్చు. శుక్లాల ఆపరేషన్‌కి చాలా పాలసీల్లో రెండేళ్లు.

అందుకే మీ పేరున, పెద్దవాళ్ల పేరున వేరే పాలసీలు ఇప్పుడే తీసుకోండి. ఉద్యోగం చేస్తుండగానే ఆ గడువు కరుగుతూ ఉంటుంది. ఆఫీసు పాలసీ నుంచి అదే బీమా కంపెనీ వ్యక్తిగత పాలసీలోకి మారే వీలుంది కదా అంటారు. ఉంది, కానీ పరిశీలించాక ఒప్పుకోవాల్సింది వాళ్లు. నోటీసు పీరియడ్‌లో ఆ జవాబు కోసం ఎదురుచూడటం నరకం.

ఫారం ఏజెంటుకు వదిలేయకండి. నాన్నగారి మాత్రల డబ్బా ముందు పెట్టుకుని, ఒక్కో స్ట్రిప్పు తిప్పి పేరు చదివి, ఏ జబ్బుకో అడిగి మీరే నింపండి. "ఆ బీపీ సంగతి రాయకండి సార్, ప్రీమియం పెరుగుతుంది" అనేవాడి మాట వినకండి. ఆస్పత్రి కేస్ షీటులో "పదేళ్లుగా బీపీ" అని ఉంటే క్లెయిము అక్కడే ఆగుతుంది.

హిందూపురం వైపు రెండెకరాలు ముందు కొనేసి తర్వాత చూసుకుందామనేవాళ్లు ఎక్కువ. నేను ఒప్పుకోను. ఆస్పత్రి బిల్లు కట్టాల్సిన రోజున పొలం వెంటనే అమ్ముడుపోదు. ఒక ఏడాది కౌలుకు చేయండి, ఎండాకాలంలో బోరు ఎలా ఉంటుందో తెలుస్తుంది.

రాజీనామా మార్చి దాటాకే. కొన్ని కంపెనీల్లో అప్పటికి బోనస్ చేతికొస్తుంది, పిల్లల బడి ఏడాదీ అయిపోతుంది. రిలీవింగ్ లెటర్, జీతంలో కోసిన పన్నుకు సర్టిఫికెట్ తీసుకోండి. పీఎఫ్‌లో నిష్క్రమణ తేదీ (మీరు ఉద్యోగం మానిన రోజు) పడిందో లేదో చూడండి. రెండు నెలలైనా ఆఫీసువాళ్లు వేయకపోతే ఆన్‌లైన్‌లో మీరే వేసుకోవచ్చు.