నేత్రదానం: ఐ బ్యాంకు బృందం వచ్చేలోపు ఇంట్లో జాగ్రత్తలు

ప్రాణం పోయిన 6 గంటల్లోపు కళ్లు సేకరించాలి. మన బెజవాడ ఎండల్లో ఎంత ముందైతే అంత మేలు. దుఃఖంలో కష్టమే, కానీ మొదటి ఫోను ఐ బ్యాంకుకే చేయండి.

– రెప్పలు మూసి, పైన తడి దూది ఉంచండి. తల కింద దిండు పెట్టండి.

– ఫ్యాను ఆపేయండి. గాలికి కార్నియా (కంటి ముందుండే పారదర్శక పొర) ఎండిపోతుంది. ఏసీ ఉంటే వేయొచ్చు. పరామర్శకు వచ్చినవాళ్లు ఉక్కపోతని మళ్లీ స్విచ్ వేస్తారు, అక్కడొక మనిషిని నిలబెట్టండి.

– డాక్టరిచ్చిన మరణ ధ్రువపత్రం చేతికందేలా ఉంచండి.

– సమ్మతి పత్రంపై సంతకానికి ముందు ఇంట్లో మాట్లాడుకోండి. అవయవ మార్పిడి చట్టం 1994 నాటిది, 2011 సవరణతో కార్నియాలాంటి కణజాలాలకూ వర్తిస్తుంది. పోయినవారు బతికుండగా వద్దన్నా, దగ్గరి బంధువుల్లో ఎవరికైనా అభ్యంతరమున్నా ముందుకు వెళ్లకూడదు. పెద్దకొడుకు సరేనన్నాడు కదా అని తల్లిని అడగకుండా ఉండొద్దు.

– రేబిస్, హెచ్‌ఐవీ, హెపటైటిస్ ఉంటే దాచకండి. రక్తం నమూనా ఎలాగూ తీస్తారు. షుగరు, కళ్లజోడు, శుక్లాల ఆపరేషన్ అడ్డంకులు కావు.

– ప్రమాద మరణమైతే పోలీసులకు, పోస్టుమార్టం చేసే డాక్టరుకు ముందే చెప్పాలి.

– డబ్బు అడిగినా, ఇచ్చినా నేరమే.

సేకరణకు అరగంట కూడా పట్టదు. ముఖం చెదరదు, కడచూపుకు వచ్చేవాళ్లకు ఆ మాట ముందే చెప్పండి.