కాలేజీకి ఒప్పందం లేకపోయినా విదేశంలో ఒక వేసవో, ఒక సెమిస్టరో చదవడం ఎలా?

నెల్లూరు, ఒంగోలు కాలేజీల్లో విదేశీ చదువు అనగానే మాట ఎంఎస్ మీదికే పోతుంది. బీటెక్కో, బీఎస్సీయో చదువుతూనే మధ్యలో రెండు మూడు నెలలు బయటి దేశంలో చదివి తిరిగొచ్చే దారులు వేరే ఉన్నాయి. అందుకు మీ కాలేజీకి అక్కడి విశ్వవిద్యాలయంతో ఒప్పందం ఉండాల్సిన పని లేదు, మీరే నేరుగా దరఖాస్తు పెట్టుకోవచ్చు. కాకపోతే ఒప్పందం ఉంటే కాలేజీ చూసుకునే పనులన్నీ అప్పుడు మీ నెత్తిన పడతాయి. మంచి మార్కులున్న పిల్లలు కూడా ఎక్కువగా దెబ్బతినేది పేర్ల దగ్గర, తేదీల దగ్గర, సంతకాల దగ్గర. అందుకే ఇక్కడ వాటికే ఎక్కువ చోటిచ్చాం.

ముందు ఏ రకమో తేల్చుకోండి

మొదటి రకం, వాళ్లే డబ్బిచ్చి పిలిచే రీసెర్చ్ ఇంటర్న్‌షిప్. కెనడాలో మైటాక్స్ గ్లోబలింక్ (12 వారాలు), జర్మనీకి డాడ్ (డీఏఏడీ, అక్కడి విద్యా మార్పిడి సంస్థ) ఇచ్చే వైజ్ స్కాలర్‌షిప్, ఫ్రాన్స్ ల్యాబుల కోసం చార్పాక్ స్కాలర్‌షిప్, జపాన్‌లో ఒకినావా సైన్స్ అండ్ టెక్నాలజీ ఇన్‌స్టిట్యూట్ వారి ఇంటర్న్‌షిప్ ఈ కోవలోవి. పోటీ గట్టిగా ఉంటుంది గానీ ఇంట్లో పొలం అమ్మాల్సిన పని ఉండదు. వైజ్‌కు ముందుగా జర్మనీలో ఒక ప్రొఫెసర్‌ను మీరే వెతుక్కుని, ఆయన ఒప్పుకున్నట్టు లేఖ తెచ్చుకోవాలి. మైటాక్స్‌లో వాళ్లు పెట్టిన ప్రాజెక్టుల జాబితాలోంచి మీరు ఎంచుకుంటారు. కొన్ని స్కాలర్‌షిప్పులు ఫలానా కాలేజీల వాళ్లకే, ఫలానా సంవత్సరం వాళ్లకే అంటాయి. అర్హతల పేజీ చివరి గీత దాకా చదివాకే మిగతా పని మొదలుపెట్టండి.

రెండో రకం, విశ్వవిద్యాలయాలే ఫీజు తీసుకుని నడిపే సమ్మర్ స్కూళ్లు. లండన్ స్కూల్ ఆఫ్ ఎకనమిక్స్‌లో ఒక్కో విడత మూడు వారాలు. జర్మనీ కోర్సులన్నీ డాడ్ వెబ్‌సైట్‌లో ఒకేచోట దొరుకుతాయి, చిన్న కోర్సులను విడిగా వడగట్టుకుని చూడొచ్చు.

మూడోది, మధ్యవర్తి సంస్థలు నడిపే సెమిస్టర్ ప్రోగ్రాములు. వెతకగానే సీఐఈఈ, ఐఈఎస్ అబ్రాడ్ లాంటి పేర్లు ముందు తగులుతాయి. అవి ప్రధానంగా అమెరికా కాలేజీల విద్యార్థుల కోసం పెట్టినవి. భారతీయ కాలేజీలో చదువుతున్నవాళ్లను తీసుకుంటారా అని ఒక మెయిల్ పెట్టి, జవాబు వచ్చాకే దరఖాస్తు ఫీజు కట్టండి.

నెల్లూరు మాగుంట లేఅవుట్‌లోనో, ఒంగోలు కర్నూలు రోడ్డులోనో ఉన్న కన్సల్టెన్సీకి వెళ్తే ఈ మూడింటి గురించీ పెద్దగా చెప్పకపోవచ్చు. కన్సల్టెన్సీలకు ఆదాయం చాలావరకు పూర్తి డిగ్రీలో చేరే విద్యార్థి మీద విశ్వవిద్యాలయం ఇచ్చే కమీషన్ నుంచి వస్తుంది. ఉచిత ఇంటర్న్‌షిప్‌లో వాళ్లకు మిగిలేదేమీ ఉండదు. ఇందులో తప్పుపట్టాల్సింది లేదు, వాళ్ల లెక్క తెలిస్తే చాలు.

డబ్బు కట్టే ముందు మూడు ప్రశ్నలు

ట్రాన్స్‌క్రిప్ట్ (చదివిన సబ్జెక్టులు, వచ్చిన గ్రేడ్లు అన్నీ ఒకేచోట ఉండే అధికారిక పత్రం) ఎవరి పేరుతో వస్తుంది? విశ్వవిద్యాలయం ముద్రతో, క్రెడిట్లు, గ్రేడ్లతో వస్తే దానికి విలువ. సంస్థ సొంత లెటర్‌హెడ్ మీద 'పాల్గొన్నారు' అని రాసిచ్చే కాగితాన్ని మీ ఎగ్జామినేషన్ సెక్షన్ పక్కన పెట్టేస్తుంది.

ఫీజులో ఏమేం ఉన్నాయి? గది, భోజనం, ఇన్సూరెన్స్, ఎయిర్‌పోర్టు నుంచి తీసుకెళ్లడం, లోకల్ బస్ పాస్ ఒక్కొక్కటి విడివిడిగా అడగండి. గది ఉందంటారు, చూస్తే క్యాంపస్‌కు గంటంబావు దూరంలో ఉంటుంది.

వీసా రాకపోతే ఎంత వెనక్కి ఇస్తారు? దీనికి జవాబు రాతలో ఉండాలి. ఫోన్లో చెప్పిన మాట పనికిరాదు.

ట్రాన్స్‌క్రిప్ట్ కూడా అడగకుండా రెండ్రోజుల్లో 'సెలెక్ట్ అయ్యారు' అని మెయిల్ వస్తే, హోటల్లో నాలుగు రోజుల 'గ్లోబల్ లీడర్‌షిప్ సమ్మిట్' అంటే, డబ్బు ఒక వ్యక్తి యూపీఐకి పంపమంటే, అక్కడితో ఆపేయండి. అది డబ్బు కట్టి వెళ్లే టూరు.

మన క్యాలెండర్‌తో పొసుగుతుందా?

నెల్లూరు ఇంజనీరింగ్ కాలేజీలు జేఎన్‌టీయూ అనంతపురం కిందికి, ప్రకాశం కాలేజీలు జేఎన్‌టీయూ కాకినాడ కిందికి వస్తాయి. డిగ్రీ కాలేజీలకు నెల్లూరులో విక్రమ సింహపురి, ఒంగోలులో ఆంధ్రకేసరి విశ్వవిద్యాలయాలున్నాయి. మీది ఏదైనా సరే, ఆ ఏడాది అకడమిక్ క్యాలెండర్‌ను ప్రోగ్రామ్ తేదీల పక్కన పెట్టి చూసుకోండి. విదేశాల్లో వేసవి ప్రోగ్రాములు చాలావరకు మే, జూన్‌లలో మొదలవుతాయి. మనకు సరిగ్గా అప్పుడే సెమిస్టర్ పరీక్షలు, ల్యాబ్ ఎక్స్‌టర్నల్స్. ప్రాజెక్టు తేదీలు ఒకటి రెండు వారాలు జరపొచ్చా అని దరఖాస్తు దశలోనే అడగండి. ఇంటర్న్‌షిప్‌లలో చాలాసార్లు ఒప్పుకుంటారు, తరగతులు నడిచే సమ్మర్ స్కూల్లో ఒప్పుకోరు.

సెమిస్టర్ మధ్యలో వెళ్దామనుకుంటే హాజరు లెక్క చూసుకోండి. జేఎన్‌టీయూలలో 75 శాతం ఉండాలి. 65 నుంచి 75 మధ్య ఉంటే సరైన కారణం చూపి, ఫీజు కట్టి కండొనేషన్ (హాజరు లోటుకు మినహాయింపు) తెచ్చుకోవచ్చు. అంతకన్నా తగ్గితే డిటెయిన్, అంటే ఆ సెమిస్టర్ మళ్లీ చదవాల్సిందే.

మన రాష్ట్రంలో బీటెక్, డిగ్రీ కోర్సుల్లో వేసవి ఇంటర్న్‌షిప్ పాఠ్యప్రణాళికలోనే ఉంది. విదేశీ ల్యాబ్‌లో గడిపే ఎనిమిది, పన్నెండు వారాలను దాని కింద లెక్కేయమని వెళ్లకముందే హెచ్‌ఓడీకి లేఖ ఇచ్చి, ప్రిన్సిపల్ సంతకంతో అనుమతి తీసుకోండి. వచ్చాక అడిగితే 'ముందు ఎందుకు చెప్పలేదు' అంటారు. ఆ ప్రశ్నకు మీ దగ్గర జవాబుండదు.

మే నెలలో వెళ్లాలంటే లెక్క సుమారుగా ఇలా ఉంటుంది. ముందు ఏడాది జూన్, జులైలో పాస్‌పోర్టు. ఆగస్టులో ట్రాన్స్‌క్రిప్ట్, ప్రొఫెసర్లకు మెయిళ్లు. మైటాక్స్ గడువు సెప్టెంబరు ప్రాంతంలో, వైజ్ గడువు నవంబరు ప్రాంతంలో ముగుస్తుంది. సమ్మర్ స్కూళ్లకు జనవరి నుంచి మార్చి దాకా టైముంటుంది. వీసా పని మార్చి, ఏప్రిల్‌లలో. సంక్రాంతి సెలవుల్లో కూర్చుని మొదలుపెడదాం అనుకుంటే డబ్బిచ్చే ప్రోగ్రాముల్లో సగం అప్పటికే మూసేసి ఉంటాయి.

పేరు, పాస్‌పోర్టు

ఇది చిన్న పనిలా కనిపిస్తుంది. అసలు చిక్కు ఇక్కడే. ఉదాహరణకు పదో తరగతి మెమోలో 'మద్దూరి పెంచల సాయి కిరణ్' అని ఉంటుంది. ఆధార్‌లో 'ఎం పెంచల సాయికిరణ్'. కాలేజీ ఐడీ మీద 'ఎం.పి.ఎస్.కిరణ్'. ఈ మూడూ ఒకరే అని కావలి కాలేజీ గుమాస్తాకు తెలుసు, టొరంటోలో కూర్చున్న అధికారికి తెలియదు. పదో తరగతి మెమోను ఆధారంగా పెట్టుకుని మిగతావన్నీ దానికి సరిపెట్టండి. ఆధార్ మార్చడం తేలిక, మెమో మార్పించాలంటే నెలలు పడుతుంది.

పాస్‌పోర్టు దరఖాస్తులో ఇంటిపేరుకు ఒక గడి, సొంత పేరుకు ఒక గడి ఉంటాయి. ఇంటిపేరు గడి ఖాళీగా వదలొద్దు. వదిలితే అమెరికా వీసాలో మీ పేరంతా ఇంటిపేరు గడిలోకి వెళ్లి, సొంత పేరు దగ్గర 'ఎఫ్‌ఎన్‌యూ' (ఫస్ట్ నేమ్ అన్‌నోన్, అంటే సొంత పేరు తెలియదు) అని పడుతుంది. విమానం టికెట్ నుంచి బ్యాంకు ఖాతా దాకా ఆ మూడక్షరాలు వెంటపడతాయి. ఐఈఎల్‌టీఎస్, టోఫెల్ లాంటి ఇంగ్లిష్ పరీక్షల బుకింగ్‌లోనూ పేరు అచ్చంగా పాస్‌పోర్టులో ఉన్నట్టే ఇవ్వాలి. ఆ స్కోర్లు రెండేళ్లే చెల్లుతాయి కాబట్టి మరీ ముందుగా రాసి పెట్టుకోవద్దు.

36 పేజీల మామూలు పాస్‌పోర్టుకు ఫీజు 1,500 రూపాయలు, తత్కాల్‌కు అదనంగా 2,000. పదో తరగతి మెమో చూపిస్తే ఈసీఆర్ ముద్ర (కొన్ని దేశాలకు ఉద్యోగానికి వెళ్లాలంటే ముందు ప్రభుత్వ అనుమతి కావాలనే గుర్తు) పడదు. పోలీసు వెరిఫికేషన్ మీరిచ్చిన చిరునామాకు వస్తుంది. ఊరి చిరునామా ఇచ్చి మీరు నెల్లూరు హాస్టల్లో ఉంటే, కానిస్టేబుల్ వచ్చినప్పుడు 'మనిషి లేడు' అని రిపోర్టు వెళ్తుంది, ఫైలు ఆగిపోతుంది. హాస్టల్ చిరునామా ఇస్తే బోనఫైడ్ సర్టిఫికెట్ దగ్గర పెట్టుకోండి. ఊరి చిరునామా అయితే ఫోన్ రాగానే బస్సెక్కేలా ఉండండి.

కాలేజీ నుంచి తెచ్చుకోవాల్సినవి

సెమిస్టర్ మెమోలు వేరు, ట్రాన్స్‌క్రిప్ట్ వేరు. బయటి విశ్వవిద్యాలయాలకు ఎక్కువగా కావాల్సింది రెండోది. అనుబంధ కాలేజీలో చదువుతుంటే ఇచ్చేది విశ్వవిద్యాలయమే కాబట్టి అనంతపురమో, కాకినాడో వెళ్లాల్సి రావచ్చు, వారాలు పడుతుంది. ఈలోగా ప్రిన్సిపల్ అటెస్ట్ చేసిన మెమోలు తీసుకుంటారా అని ప్రోగ్రామ్ వాళ్లను అడగండి, చాలామంది తీసుకుంటారు. సీజీపీఏను శాతంలోకి మీరే మార్చకండి. 9.5తో గుణించడం సీబీఎస్ఈ ఒకప్పుడు పదో తరగతికి వాడిన పద్ధతి. జేఎన్‌టీయూల సూత్రాలు వేరు, రెగ్యులేషన్స్‌లో ఉన్నదే వాడాలి. బ్యాక్‌లాగ్ ఉంటే దాచకండి, ట్రాన్స్‌క్రిప్ట్‌లో ఎలాగూ కనిపిస్తుంది. చదువు ఇంగ్లిష్ మీడియంలోనే సాగిందని కాలేజీ ఇచ్చే లేఖతో కొన్నిచోట్ల ఐఈఎల్‌టీఎస్ అవసరమే పడదు.

ఇక సిఫారసు లేఖలు. 'నువ్వే రాసుకురామ్మా, సంతకం పెడతా' అనడం మన దగ్గర మామూలే. ఒకే చేత్తో రాసిన రెండు లేఖలు ఒకేలా ఉంటాయి, చదివేవాళ్లు ఇట్టే పట్టేస్తారు. సార్ తీరిక లేదంటే లేఖ రాసివ్వకుండా, ఆయన ఆ లేఖ రాయడానికి కావాల్సిన వివరాలు ఒక పేజీలో ఇవ్వండి: ఆయన చెప్పిన సబ్జెక్టు, అందులో మీ మార్కు, మీరు చేసిన మినీ ప్రాజెక్టు, అందులో ఎక్కడ ఇరుక్కున్నారు, ఎలా బయటపడ్డారు. ఇంకో సంగతి: లేఖ అప్‌లోడ్ చేసే లింకు నేరుగా సార్ మెయిల్‌కే వస్తుంది, చాలా ప్రోగ్రాములు జీమెయిల్‌ను ఒప్పుకోవు. కాలేజీ డొమైన్‌తో మెయిల్ లేకపోతే సిస్టమ్ అడ్మిన్‌ను అడిగి నెల ముందే తీయించండి. లింకు వెళ్లిన రోజు స్పామ్ ఫోల్డర్ కూడా చూడమని సార్‌కు ఫోన్ చేసి చెప్పండి.

ప్రొఫెసర్‌కు మెయిల్, ఎస్ఓపీ (ఎందుకు చదవాలనుకుంటున్నారో చెప్పే వ్యాసం)

'చిన్నప్పటి నుంచి నాకు సైన్స్ అంటే ప్రాణం' అనే వాక్యాన్ని కొట్టేయండి. దాని బదులు మీ చుట్టూ ఉన్న సమస్యను పట్టుకోండి. ఇందుకూరుపేట వైపు రొయ్యల గుంటల్లో ఆక్సిజన్ తెల్లవారుజామున బాగా పడిపోతుంది. కరెంటు పోయి ఏరేటర్లు (నీళ్లలో గాలి కలిపే యంత్రాలు) ఆగితే ఆ రెండు గంటల్లోనే పంట పోవచ్చు. ఈసీఈ విద్యార్థి రాయాల్సింది ఇలా ఉంటుంది: 'రొయ్యల గుంటలో ఆక్సిజన్ కొలిచే సెన్సర్ పెట్టాం. వారం తిరక్కుండానే దాని మీద నాచు పట్టి రీడింగ్ తప్పింది. మీ ల్యాబ్‌లో సెన్సర్ల మీద నాచు పట్టకుండా చేస్తున్న పని నాకు నేర్చుకోవాలని ఉంది.' చీమకుర్తి పిల్లవాడికి గ్రానైట్ కోతలో మిగిలే బురద, కనిగిరి పిల్లకు నీళ్లలో ఫ్లోరైడ్. వెతకాలే గానీ ప్రతి మండలంలో ఒకటి దొరుకుతుంది. చేయని పనిని చేసినట్టు మాత్రం రాయొద్దు, ఇంటర్వ్యూలో మొదటి ప్రశ్న దాని మీదే వస్తుంది.

మెయిల్ 150 మాటలు దాటొద్దు. ఆ ప్రొఫెసర్ ఇటీవలి పేపర్ ఒకటి నిజంగా చదివి, దానిమీద ఒక్క ప్రశ్న పెట్టండి. ఒక పేజీ సీవీ జతచేయండి. ఒకే మెయిల్‌ను వందమందికి పంపితే పేరు మార్చడం మరిచిపోయిన చోట పరువు పోతుంది. పదిమందికి విడివిడిగా రాయండి. పది రోజుల్లో జవాబు రాకపోతే ఒక్కసారి గుర్తుచేసి వదిలేయండి.

డబ్బు, వీసా

షెంజెన్ దేశాలకు (ఒకే వీసాతో తిరగగలిగే జర్మనీ, ఫ్రాన్స్ లాంటి ఐరోపా దేశాలు) 90 రోజుల లోపు వీసా ఫీజు 90 యూరోలు, సెంటర్ సర్వీస్ ఛార్జీ వేరే. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు పెట్టొచ్చు, కనీసం 15 రోజుల ముందు పెట్టి తీరాలి. 30,000 యూరోలకు తగ్గని ఇన్సూరెన్స్ ఉండాలి. బ్రిటన్‌లో గుర్తింపు ఉన్న సంస్థలో ఆరు నెలల లోపు కోర్సుకు స్టాండర్డ్ విజిటర్ వీసా సరిపోతుంది. అమెరికా ఇంటర్న్‌షిప్‌కు జే-1 (ఎక్స్ఛేంజ్ విజిటర్) వీసా తీసుకుంటే, పిలిచిన సంస్థో, దాని తరఫున అక్కడి ప్రభుత్వ గుర్తింపు ఉన్న స్పాన్సరో డీఎస్-2019 ఫారం పంపాలి. అది చేతికొచ్చాకే చెన్నైలోనో, హైదరాబాద్‌లోనో ఇంటర్వ్యూ.

బ్యాంకు స్టేట్‌మెంట్ దగ్గర మన రైతు కుటుంబాలకు ఒక ఇబ్బంది ఉంది. డబ్బు ఏడాదికి ఒకటి రెండుసార్లు గంపగుత్తగా వస్తుంది. వీసా అధికారికి అది చేబదులు తెచ్చి వేసినట్టు కనిపిస్తుంది. పొగాకు వేలం డబ్బు అయితే బోర్డు వేలం కేంద్రం బిల్లు, రొయ్యలైతే కొన్నవాళ్ల పట్టీ, వడ్లయితే అమ్మకం రసీదు జతచేసి, ఫలానా తేదీ జమ ఇదీ అని ఒక పేజీలో వివరణ రాయండి. నాన్నకు ఐటీ రిటర్నులు లేకపోతే తహసీల్దారు ఇచ్చే ఆదాయ ధ్రువీకరణ పెట్టండి. పట్టాదారు పాసు పుస్తకం ఆస్తి ఉందని చెబుతుంది, చేతిలో డబ్బుందని చెప్పదు. నిజంగానే చేబదులు తెచ్చి వీసాకు వారం ముందు వేస్తే అది తెలిసిపోతుంది, ఆ పని చేయకండి.

విదేశానికి ఫీజు పంపడానికి బ్యాంకులో ఏ2 ఫారం, పాన్, అడ్మిషన్ లెటర్ కావాలి. ఏడాదికి 10 లక్షల రూపాయల లోపు అయితే టీసీఎస్ (డబ్బు పంపేటప్పుడే బ్యాంకు వసూలు చేసే పన్ను) పడదు. కేంద్రం ఇచ్చే నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ పీజీ, పీహెచ్‌డీలకే ఉంది, వేసవి కోర్సుకు దాన్ని నమ్ముకుని కూర్చోవద్దు.

అపోస్టిల్ ముద్ర (సర్టిఫికెట్ అసలుదేనని విదేశాంగ శాఖ వేసేది) వేయిస్తామని ఎవరైనా వేలల్లో అడిగితే, ప్రోగ్రామ్ వాళ్లు అడిగారా అని ముందు చూసుకోండి. చిన్న కోర్సులకు సాధారణంగా అవసరం రాదు.

బయల్దేరేముందు ప్రిన్సిపల్ ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే లేఖ), అనుమతి లేఖ, అక్కడి కోర్సు సిలబస్ మూడింటి నకళ్లు హెచ్‌ఓడీ దగ్గర ఒక సెట్ ఇచ్చి, మీ కాపీ మీద ముట్టినట్టు సంతకం, తేదీ వేయించుకోండి. మీరు తిరిగొచ్చేసరికి ఆ కుర్చీలో ఇంకో హెచ్‌ఓడీ ఉండొచ్చు.