టెర్మినల్ పాఠాలు – 6: ఒక్క ఫోల్డర్‌లోనే ఖాళీ ఫైళ్లు వెతకడం

పోయినసారి ఫైళ్లను వెతికే ఫైండ్ కమాండ్‌తో పేరును బట్టి వెతకడం చూశాం కదా, ఈసారి సైజు సున్నా ఉన్న ఫైళ్లను పట్టుకుందాం, అదీ మనం ఉన్న ఫోల్డర్‌లో మాత్రమే.

మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లు, కాంటా గదిలో లినక్స్ కంప్యూటర్ అనుకోండి. యాసంగి వడ్లు దిగే రోజుల్లో లారీకొక చిట్టీ ఫైల్ పడుతుంటుంది. ఫైల్ తయారై, బరువు అందులోకి ఎక్కేలోపే కరెంటు పోయిందంటే పేరు మిగులుతుంది, లోపల ఏమీ ఉండదు. రైతు డబ్బులు ఆ బరువు మీదే ఆధారపడి ఉంటాయి, కాబట్టి అలాంటి చిట్టీలు ఆ పూటే దొరకాలి. పాత చిట్టీలు అదే ఫోల్డర్‌లో వానకాలం అనే సబ్‌ఫోల్డర్‌లో ఉన్నాయి, వాటి జోలికి పోవద్దు.

ఫోల్డర్ మార్చే సీడీ కమాండ్‌తో చిట్టీల ఫోల్డర్‌లోకి వెళ్లి ఇది కొట్టండి. పలికినట్టు రాస్తున్నా, మీరు మాత్రం ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో టైప్ చేయాలి:

ఫైండ్ . -మ్యాక్స్‌డెప్త్ 1 -టైప్ ఎఫ్ -ఎంప్టీ

చుక్క అంటే ఇప్పుడున్న ఫోల్డర్. మ్యాక్స్‌డెప్త్ 1 లేకపోతే ఫైండ్ వానకాలంలోకి, దాని లోపలికి, అలా అడుగుదాకా పోతుంది. టైప్ ఎఫ్ ఎందుకంటే, ఎంప్టీ ఒక్కటే ఇస్తే ఖాళీ ఫోల్డర్లను కూడా చూపిస్తుంది. మ్యాక్స్‌డెప్త్‌ను మిగతావాటికంటే ముందు పెట్టండి, వెనక పెడితే పని జరుగుతుంది గానీ వార్నింగ్ వస్తుంది.

ఇక చాలామంది బోల్తా పడేది ఇక్కడ. ఒక కేబీ కన్నా చిన్న ఫైళ్లన్నీ కావాలని -సైజ్ -1కే అని రాస్తారు. లినక్స్‌లో ఫైండ్ సైజును పైకి సవరించి లెక్కేస్తుంది, 40 బైట్ల చిట్టీ కూడా దానికి ఒక కేబీయే, కాబట్టి ఒకటి కన్నా తక్కువ అంటే మిగిలేవి ఖాళీ ఫైళ్లే. బైట్లలో అడగాలంటే -సైజ్ -1024సీ అనండి. ఇంకోటి, తెరిస్తే తెల్లగా కనబడే ఫైల్‌లో ఒక్క ఎంటర్ ఉన్నా అది 1 బైట్, ఎంప్టీకి దొరకదు. అలాంటివాటికి ఫైల్ లోపలి అక్షరాలను వెతికే గ్రెప్ కమాండ్ కావాలి, వచ్చే పాఠంలో చూద్దాం.

చివర -డిలీట్ తగిలిస్తే దొరికినవన్నీ చెరిగిపోతాయి. దాన్ని పొరపాటున ఎంప్టీ కన్నా ముందు పెట్టారంటే నిండు చిట్టీలు కూడా పోతాయి, తిరిగి తెచ్చుకోవడానికి రీసైకిల్ బిన్ ఉండదు. అసలు మన పనికి డిలీట్ వద్దే వద్దు. ఏ లారీ బరువు ఎక్కలేదో చెప్పేది ఆ ఖాళీ ఫైల్ పేరే, దాన్ని చెరిపేస్తే ఆ లారీని అడిగేవాళ్లే ఉండరు. లిస్టు తీసుకుని కాగితం చిట్టీలతో సరిచూడండి.

ప్రాక్టీసుకు, ఖాళీ ఫైల్ తయారుచేసే టచ్ కమాండ్‌తో బయట ఒక ఖాళీ ఫైల్, సబ్‌ఫోల్డర్‌లో ఇంకొకటి చేసి కమాండ్ నడపండి. రెండూ కనబడితే మ్యాక్స్‌డెప్త్ మరిచిపోయారన్నట్టే.