రిమోట్ విమానానికి కెమెరా అమర్చి, గాగుల్స్‌లో చూస్తూ నడపడం ఎలా?

రిమోట్‌తో నడిచే నమూనా విమానం ముక్కు మీద చిన్న కెమెరా పెట్టి, అది చూస్తున్న దృశ్యాన్ని గాగుల్స్‌లో అప్పటికప్పుడు చూస్తూ నడిపే పద్ధతిని ఎఫ్‌పీవీ (ఫస్ట్ పర్సన్ వ్యూ) అంటారు. బరంపురంలోనూ పర్లాకిమిడిలోనూ దీని గురించి నన్ను అడిగే పిల్లల్లో ఎక్కువమంది ముందే కెమెరా కొనేసి, దానికి తగిన విమానం కోసం వెతుకుతూ ఉంటారు. ఆ వరుస తిరగబడాలి. కెమెరా లేకుండా, నేల మీద నిలబడి, మామూలు కంటితో చూస్తూ ఏ విమానాన్ని మీరు ధైర్యంగా దింపగలరో ఆ విమానానికే కెమెరా పెట్టాలి.

విమానం ఎంపిక సులువైన పనే. రెక్కల పొడవు 1200 నుంచి 1400 మిల్లీమీటర్లు ఉండి, ఫోమ్‌తో చేసిన, ప్రొపెల్లర్ రెక్కల వెనుక తిరిగే రకాన్ని తీసుకోండి. ముందు భాగం ఖాళీగా ఉంటుంది కనుక కెమెరాకు ప్రొపెల్లర్ అడ్డు రాదు, ముక్కు నేలను తాకినా మోటారుకు దెబ్బ తగలదు.

వైరు ముక్క కూడా కోయకముందు చేయవలసిన పని బరువు పరీక్ష. కెమెరా, చిత్రాన్ని గాగుల్స్‌కు పంపే వీడియో ట్రాన్స్‌మిటర్, యాంటెన్నా, వైర్లు అన్నీ కలిసి సాధారణంగా 40 నుంచి 60 గ్రాములు తూగుతాయి. పది రూపాయల బిళ్ల ఒక్కొక్కటి 7.7 గ్రాముల దాకా ఉంటుంది కాబట్టి, ఆరు బిళ్లలను టేపుతో చుట్టి, సామాను రాబోయే చోట అతికించండి. తరువాత బ్యాటరీ కూడా పెట్టి, రెండు చూపుడు వేళ్ల కొనలను రెక్కల కింద ఆనించి విమానాన్ని ఎత్తండి. తయారీదారు గుర్తు పెట్టిన చోట, ఆ గుర్తు లేకపోతే రెక్క ముందు అంచు నుంచి రెక్క వెడల్పులో నాలుగో వంతుకూ మూడో వంతుకూ మధ్య వేళ్లు ఆనినప్పుడు, విమానం నేలకు సమాంతరంగా గానీ ముక్కు ఒక్క వెంట్రుకవాసి కిందికి వంగి గానీ నిలవాలి. తోక కిందికి జారితే బ్యాటరీని ముందుకు జరపండి. ఆ బిళ్లలతోనే రెండు మూడుసార్లు ఎగరేసి, ట్రిమ్ (స్టిక్ వదిలినా విమానం తిన్నగా సాగేలా రిమోట్‌లో చేసే చిన్న సవరణ) సరిచేసుకున్నాకే తరువాతి పనికి వెళ్లాలి.

సామాను కొనేటప్పుడు పౌనఃపున్యాల లెక్క తెలిసి ఉండాలి. మన రిమోట్ 2.4 గిగాహెర్ట్జ్ మీద పనిచేస్తుంది కనుక, వీడియోకు 5.8 గిగాహెర్ట్జ్ తీసుకుంటే ఒకదానికొకటి అడ్డు పడవు. మన దేశంలో లైసెన్సు అవసరం లేని పట్టీ 5725 నుంచి 5875 మెగాహెర్ట్జ్ వరకు ఉంది. వీడియో చానళ్లు రేస్‌బ్యాండ్, ఎఫ్ బ్యాండ్ వంటి వరుసలుగా ఉంటాయి. రేస్‌బ్యాండ్ మొదటి చానల్ 5658, ఎనిమిదోది 5917. అవి రెండూ ఆ హద్దుల బయట పడతాయి. ఎఫ్ బ్యాండ్‌లో రెండోది 5760, నాలుగోది 5800 కనుక వాటిలో ఒకటి ఎంచుకోవడం మేలు. మొదటిసారి కొనేవారికి అనలాగ్ పద్ధతి చాలు: ఖర్చు తక్కువ, పైగా సిగ్నల్ తగ్గేకొద్దీ చిత్రం మెల్లగా మసకబారుతూ ముందే హెచ్చరిస్తుంది. గాగుల్స్‌లో రికార్డింగ్ సదుపాయం తప్పక ఉండాలి. విమానం మొగలి పొదల్లో పడిపోతే, రికార్డింగ్‌లోని చివరి పది సెకన్లే దాని ఆచూకీ చెబుతాయి.

వైరింగ్ దగ్గర తొందరపడవద్దు. మూడు సెల్లుల లైపో (లిథియం పాలిమర్) బ్యాటరీ నిండుగా ఉన్నప్పుడు 12.6 వోల్టులు ఇస్తుంది. ట్రాన్స్‌మిటర్ మీద రాసి ఉన్న వోల్టేజీ ఆ అంకెకు సరిపోతేనే నేరుగా కలపాలి. చాలా ట్రాన్స్‌మిటర్లు కెమెరా కోసం 5 వోల్టులు బయటికి ఇస్తాయి, కెమెరాను అక్కడికే కలపడం మంచిది. సర్వోలకు (రెక్కల, తోక పలకలను కదిపే చిన్న మోటార్లకు) వెళ్లే 5 వోల్టుల లైను నుంచి మాత్రం కెమెరాకు కరెంటు తీయవద్దు, సర్వోలు ఒక్కసారిగా లాగినప్పుడు చిత్రం వణుకుతుంది. ఎరుపు, నలుపు వైర్లను సోల్డర్ చేశాక, బ్యాటరీ పెట్టకముందే, మల్టీమీటరు బీప్ మోడ్‌లో రెండిటి మధ్యా చూడండి. కూత ఆగకుండా వస్తే ఎక్కడో షార్టు ఉన్నట్టే.

ఇంకొక చిక్కు కరెంటు ఇచ్చాకే బయటపడుతుంది. థ్రాటిల్ తగ్గి ఉన్నప్పుడు చిత్రం చక్కగా కనిపించి, పెంచగానే సన్నని ఏటవాలు గీతలు వానజల్లులా తెర మీద పాకితే, అది మోటారు నడిపే ఈఎస్‌సీ నుంచి కరెంటు లైనులోకి వస్తున్న అలజడి. ఈఎస్‌సీకి బ్యాటరీ వైర్లు కలిసే చోటనే 470 మైక్రోఫారడ్, 35 వోల్టుల కెపాసిటర్ ఒకటి సోల్డర్ చేయండి. దాని ఒంటి మీద గీత ఉన్న కాలు నలుపు వైరుకే వెళ్లాలి, తిరగేసి పెడితే పేలుతుంది. గీతలు ఇంకా మిగిలితే, వీడియో సామానుకు వెళ్లే లైనులో ఆ అలజడిని వడగట్టే ఎల్‌సీ ఫిల్టర్ వేయాలి.

యాంటెన్నా బిగించకుండా వీడియో ట్రాన్స్‌మిటర్‌కు ఒక్క నిమిషం కూడా కరెంటు ఇవ్వకండి. బయటికి పోవలసిన శక్తి దారిలేక లోపలి చిప్‌నే కాలుస్తుంది. నా మొదటి ట్రాన్స్‌మిటర్ ఇలాగే పోయింది. బల్ల మీద కెమెరా కోణం చూసుకుందామని యాంటెన్నా లేకుండానే బ్యాటరీ పెట్టాను. రంగు చూస్తే కొత్తదిలాగే ఉంది, కానీ ఆ తరువాత పది అడుగులు దాటితే చిత్రం వచ్చేది కాదు. యాంటెన్నా కొనేటప్పుడు మధ్యలో సూది ఉన్న ఎస్‌ఎంఏకూ, రంధ్రం ఉన్న ఆర్‌పీ-ఎస్‌ఎంఏకూ తేడా చూసుకోండి. రెండూ మరలో బిగుస్తాయి, కానీ జత తప్పితే లోపల సూది తగలదు, యాంటెన్నా లేనట్టే అవుతుంది. పుట్టగొడుగు ఆకారంలో ఉండే వృత్తాకార ధ్రువణ యాంటెన్నాలు మేలైనవి. విమానం మీదిదీ గాగుల్స్ మీదిదీ రెండూ తరంగాన్ని కుడివైపు తిప్పేవో, రెండూ ఎడమవైపు తిప్పేవో అయి ఉండాలి.

అమరికలో దూరమే ప్రధానం. కెమెరా ముక్కు మీద, వీడియో ట్రాన్స్‌మిటర్ ఒక రెక్క మీద లేదా వెనుక భాగంలో, రిమోట్ రిసీవర్ వాటికి కనీసం 15 సెంటీమీటర్లు ఎడంగా ఉండాలి. ట్రాన్స్‌మిటర్ వేడెక్కుతుంది కనుక ఫోమ్ లోపల మూసిపెట్టకుండా గాలి తగిలే చోట పెట్టాలి, నేల మీద పరీక్షించేటప్పుడు 25 మిల్లీవాట్లకు తగ్గించుకోవాలి. కెమెరాను ఐదు డిగ్రీలు పైకి ఎత్తి, చిత్రం అడుగున విమానం ముక్కు కొద్దిగా కనిపించేలా పెట్టండి. ఆ ముక్కును దిగంత రేఖతో పోల్చుకుంటేనే వంపు తెలుస్తుంది.

ఇప్పుడు ప్రొపెల్లర్ తీసేసి, మోటారు నడుస్తుండగా రిమోట్ ఆపి చూడండి. మోటారు వెంటనే ఆగకపోతే రిసీవర్‌లో ఫెయిల్‌సేఫ్ (సిగ్నల్ తెగితే మోటారును ఆపే ఏర్పాటు) అమర్చలేదన్నమాట, దానిని సరిచేయనిదే బయలుదేరకూడదు. తరువాత రిమోట్‌లో రేంజ్ చెక్ (సిగ్నల్ శక్తిని తగ్గించి దూరం పరీక్షించే మోడ్) పెట్టి, వీడియో ఆపి ఒకసారి, వీడియో నడుస్తుండగా మరోసారి, 30 అడుగులు వేసి వెనక్కి నడవండి. రెండోసారి సర్వోలు తడబడితే వీడియో ట్రాన్స్‌మిటర్ రిసీవర్‌కు మరీ దగ్గరగా ఉందని అర్థం.

ఎక్కడ ఎగరవేయాలన్నది గంజాం జిల్లావారు బాగా ఆలోచించవలసిన విషయం. గోపాల్‌పూర్ సముద్ర తీరం ఖాళీగా కనిపించినా, అక్కడ సైన్యానికి చెందిన ఎయిర్ డిఫెన్స్ కళాశాల ఉంది, రంగైలుండలో విమానపట్టీ ఉంది, ఆ చుట్టుపక్కలకు వెళ్లనే వద్దు. డ్రోన్ నియమాలు 2021లో వచ్చాయి. వాటి ప్రకారం వినోదానికి ఎగరవేసే నమూనా విమానం కంటిచూపు మేరలోనే ఉండాలి, ముందస్తు అనుమతి అక్కరలేని గ్రీన్ జోన్‌లో కూడా 400 అడుగులు దాటకూడదు. మీ ఊరు ఏ జోన్‌లో ఉందో డ్రోన్ల ప్రభుత్వ వెబ్‌సైటు డిజిటల్ స్కైలో ముందే చూసుకోండి, నమోదు షరతులు కూడా తెలుసుకోండి. వరి కోతలయ్యాక ఖాళీ పడిన పొలాలు ఇందుకు చాలా అనువైనవి, రైతును ముందుగా అడిగి వెళ్లాలి. సముద్రపు గాలి పుంజుకోకముందే, ఉదయం తొమ్మిదిలోపు, పని ముగించుకోవడం మంచిది. పచ్చని ఆకుల్లోని తేమ 5.8 గిగాహెర్ట్జ్ సిగ్నల్‌ను మింగేస్తుంది కనుక జీడితోట వెనుకకో తాటితోపు వెనుకకో విమానాన్ని పోనివ్వకండి. రాయగడ వైపు వారికి కొండలతోనూ ఇదే ఇబ్బంది.

మొదటి రోజు ఒంటరిగా వెళ్లకూడదు. గాగుల్స్ పెట్టుకున్నవాడికి పక్కనుంచి వచ్చే గద్ద కనిపించదు. నాకు మా మేనల్లుడే కళ్లు. "మావయ్యా, ఎడమవైపు గద్ద, కిందికి రా" అంటాడు, నేను దించుతాను. గాగుల్స్ లేకుండానే ఎగరేసి, 150 అడుగుల ఎత్తులో విమానం నిలకడగా, తిన్నగా సాగుతుండగా, కుర్చీలో కూర్చుని, అప్పుడు పెట్టుకోండి. తల తిరిగినట్టుంటే వెంటనే తీసేయండి. ఒక్కో సెల్లు 3.5 వోల్టులకు రాకముందే తిరిగి రావాలి కనుక మొదటి రోజు టైమరు ఎనిమిది నిమిషాలకే పెట్టండి. మొదటి పది దింపుడులూ గాగుల్స్ తీసి, కంటితో చూస్తూనే చేయండి. విమానం నేల మీద ఆగాక ముందు బ్యాటరీ తీయాలి, రిమోట్ ఆపడం ఆ తరువాతే.