ఒక పూట ఇమ్మని అడగడం ఎలా

చూపులేని విద్యార్థులకు పరీక్ష రాసిపెట్టేవాళ్లను వెతకడం నేను పెట్టుకున్న పని. స్క్రైబ్ అంటాం. విద్యార్థి జవాబు చెబుతుంటే విని, చెప్పింది చెప్పినట్టు రాయాలి. మూడు గంటల పేపరు, అదనంగా ఇచ్చే టైము, రాకపోకలు కలిపితే పూటంతా పోతుంది. చేతినొప్పి తప్ప చేతికి వచ్చేదేమీ ఉండదు. అయినా జనం వస్తారు. ఎందుకొస్తారో పట్టుకుంటే ఎలా అడగాలో తెలుస్తుంది. ఇలాంటి సాయం ఎవరికోసమైనా కూడగట్టాలనుకునేవాళ్లకు పనికొస్తుందని రాస్తున్నాను.

మొదటి మాట: గ్రూపులో అడక్కండి. "రేపు స్క్రైబ్ కావాలి, అర్జెంట్" అని పెట్టి చూడండి. దండాలు పెట్టే బొమ్మలు బోలెడు వస్తాయి, మనిషి రాడు. జాలి లేక కాదు, ఇంతమందిలో ఎవరో ఒకరు వెళ్తారులే అనుకుంటారు. 1968లో జాన్ డార్లీ, బిబ్ లాటనే అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు దీన్ని పరీక్షించారు. పక్క గదిలో ఒకరికి ఫిట్స్ వచ్చినట్టు స్పీకర్‌లో వినిపించారు. అది తనొక్కడికే వినిపిస్తోందనుకున్నవాళ్లలో 85 శాతం మంది ఆ గొంతు ఆగేలోపే సాయం కోసం బయటికి వచ్చారు. ఇంకో నలుగురు కూడా వింటున్నారనుకున్నవాళ్లలో 31 శాతమే.

అందుకే పేరు పెట్టి, ఒక్కరినే అడగండి. నేను పంపేది ఇలా ఉంటుంది: "శుక్రవారం ఉదయం తొమ్మిదిన్నర నుంచి ఒంటిగంటన్నర దాకా. డిగ్రీ ఎకనామిక్స్. గ్రాఫ్ ఎలా ఉండాలో అమ్మాయి మాటల్లో చెబుతుంది, మీరు గీయాలి. మీ గీత శుభ్రంగా ఉంటుంది కాబట్టి మిమ్మల్నే అడుగుతున్నాను. కుదరకపోతే ఒక్క ముక్క చెప్పండి, ఇంకొకరిని చూసుకుంటాను." ఆ చివరి వాక్యం తీసేయకండి. కాదనే దారి ఉంచితేనే ఔనన్న మాట నిలబడుతుంది. మొహమాటానికి ఒప్పుకున్నవాళ్లు పరీక్ష రోజు ఫోన్ ఆపేస్తారు. స్క్రైబ్‌గా ఎవరు కూర్చోవచ్చన్నది పరీక్షకో రకంగా ఉంటుంది, అడిగేముందే ఆ నిబంధన చదువుకోండి.

లెక్కలు చెప్పకండి. ఎన్ని వేలమందికి స్క్రైబులు దొరకడం లేదో చెబితే వినేవాళ్లు నిట్టూర్చి ఊరుకుంటారు. డెబొరా స్మాల్, జార్జ్ లోవెన్‌స్టైన్, పాల్ స్లోవిక్ 2007లో ప్రచురించిన ప్రయోగాల్లో, లక్షలమంది ఆకలి అంకెలు చూసినవాళ్ల కంటే ఒకే ఒక్క పాప గురించి చదివినవాళ్లు ఎక్కువ విరాళం ఇచ్చారు. ఆ పాప పక్కనే అంకెలు కూడా పెడితే ఇచ్చేది తగ్గింది.

అలాగని ఒక్కరి కథ చెప్పమన్నారు కదా అని ఆ ఒక్కరిని బికారిని చేయకూడదు. ఒక విద్యార్థిని నా మెసేజ్ చదివించుకుని విని, "నా కళ్ల గురించి ఎందుకండీ, నా సబ్జెక్టు గురించి రాయండి" అంది. అప్పట్నుంచి ప్రతి మెసేజ్ ముందుగా ఆ విద్యార్థికే వినిపిస్తాను. "పాపం" అన్న మాట నా మెసేజుల్లో ఉండదు. జాలితో వచ్చినవాళ్లు పరీక్ష హాల్లో జవాబులు దిద్దబోతారు, అది ఇంకో తలనొప్పి. గ్రాఫ్ మాటల్లో వింటూ గీయాలంటే ఎలా ఉంటుందో చూద్దామని వచ్చినవాళ్లు చెవి పెట్టి వింటారు.

రానివాళ్లను రాతిగుండెలని అనుకోకండి. 1973లో డార్లీ, డేనియల్ బ్యాట్సన్ మతబోధకులయ్యే చదువు చదివే విద్యార్థులను ఒక భవనం నుంచి ఇంకో భవనానికి పంపారు. దారిలో ఒక మనిషి కూలబడి మూలుగుతుంటాడు. తీరిగ్గా నడిచినవాళ్లలో 63 శాతం మంది ఆగారు. ఆలస్యమైందని తొందరపెట్టినవాళ్లలో పది శాతమే. అందులో కొందరు వెళ్తున్నది, దారిలో పడి ఉన్నవాణ్ని ఆదుకున్న మంచి సమరయుడి కథ మీద మాట్లాడటానికి! కాబట్టి టైమ్ టేబుల్ వచ్చిన రోజే అడగండి, ముందురోజు రాత్రి కాదు. పూట ఇవ్వలేనివాళ్లను ఒక్క పాఠం చదివి రికార్డ్ చేసి పంపమనండి. 1976లో రాబర్ట్ చాల్దీనీ బృందం ఇంటింటికీ వెళ్లి విరాళం అడుగుతూ "ఒక్క పెన్నీ ఇచ్చినా చాలు" అన్న మాట చేరిస్తే, ఇచ్చేవాళ్లు 29 శాతం నుంచి 50 శాతానికి పెరిగారు. నా దగ్గర పాఠం రికార్డింగుతో మొదలుపెట్టి స్క్రైబులైనవాళ్లు ఉన్నారు.

డబ్బు సంగతి. దారి ఖర్చు ఇవ్వండి, మొహమాటపడకండి. చేతిలో కాస్తంత మాత్రం పెట్టకండి. 2000లో ఊరి గ్నీజీ, ఆల్డో రుస్టికీని ప్రచురించిన అధ్యయనంలో విరాళాలు సేకరించే విద్యార్థులకు ఒక శాతం కమీషన్ ఇస్తే, ఏమీ ఇవ్వనివాళ్ల కంటే తక్కువ పోగుచేశారు. మంచిపని కాస్తా చిల్లర కూలీ అయిపోయింది.

లోపల నిజంగా ఏముందో తవ్వకండి. ఎదుటివాళ్ల బాధ తనదనిపించి చేస్తారని బ్యాట్సన్ వాదించాడు. ఇవ్వడంలో ఇచ్చేవాడికి దక్కే హాయి కూడా ఉందని ఆర్థికవేత్త జేమ్స్ ఆండ్రియోని 1990లో రాశాడు. పరీక్ష రాసే అమ్మాయికి ఏదైనా ఒకటే. సర్టిఫికెట్ కోసం వచ్చేవాళ్లను నేను సంతోషంగా పిలుస్తాను, కొందరి దస్తూరీ ముత్యాల్లా ఉంటుంది. విద్యార్థితో ఫొటో దిగడం మాత్రం కుదరదని ముందే చెబుతాను.

ఫలితాలొచ్చాక, విద్యార్థి సరేనంటే, రాసినవాళ్లకు తెలియజేయండి. తప్పినా చెప్పండి, సప్లిమెంటరీకి తామే వస్తామనేది చాలాసార్లు వాళ్లే. రిజర్వులో పెట్టుకున్న మనిషికి రిజర్వు అనే చెప్పండి. పేపరు మొదలవగానే ఫోన్ చేసి "ఇక మీ పని మీరు చూసుకోండి" అనండి. ఆ ఫోన్ చేయకపోతే, వచ్చే సీజన్‌లో ఆయన మీ నంబరు చూసి ఎత్తడు.