ఈసీపీకి వెళ్తున్నారా? ముందు రోజు నుంచే సిద్ధం కావాలి

నెల్లూరులో నర్సింగ్ చదివి, ఇప్పుడు ఇంగ్లండ్‌లో ఎఫెరిసిస్ (యంత్రంతో రక్తాన్ని భాగాలుగా వేరుచేసే పని) నర్సుగా పనిచేస్తున్నాను. తెల్ల రక్తకణాల్ని బయటికి తీసి, కాంతి తగిలించి తిరిగి ఎక్కించే చికిత్స పేరు ఫోటోఫెరిసిస్, మా వాడుకలో ఈసీపీ. అదే నా రోజువారీ పని. మా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది బోన్‌మారో మార్పిడి చేయించుకున్నవాళ్లు. దాత కణాలు వాళ్ల చర్మం మీద, నోటి మీద, కళ్ల మీద తిరగబడతాయి. దీన్నే జీవీహెచ్‌డీ అంటారు. చర్మంలో టీ కణాల (ఒక రకం తెల్ల కణాల) లింఫోమా అనే క్యాన్సర్ ఉన్నవాళ్లూ వస్తారు. తెలుగు కుటుంబాలు ఎదురైతే మొదట వినిపించే ప్రశ్న, "రక్తమంతా బయటికి తీసేస్తారా అమ్మా?" అని.

తీయరు. చేతి నరంలోంచి రక్తం కొంచెం కొంచెంగా యంత్రంలోకి వెళ్తుంది. అక్కడ వేగంగా తిప్పితే ఎర్ర కణాలు, ప్లాస్మా, తెల్ల కణాలు వేరవుతాయి. మొదటి రెండూ వెనక్కి వచ్చేస్తాయి. తెల్ల కణాల్లో మెథాక్సలెన్ అనే మందు కలిపి, పలుచని పొరగా పారిస్తూ యూవీఏ (ఒక రకం అతినీలలోహిత) కాంతి తగిలిస్తారు. ఈ మందు సోరాలెన్ జాతిది. బొల్లికి మన ఆయుర్వేదంలో వాడే బావంచాల గింజల్లో ఉండేవీ ఈ జాతి పదార్థాలే. కాంతి తగలగానే మందు కణాల డీఎన్‌ఏకి అతుక్కుపోతుంది. ఆ కణాలు తిరిగి ఒంట్లోకి వచ్చి, రెండు మూడు రోజుల్లో చనిపోతాయి.

అసలు పని ఆ తర్వాతే మొదలవుతుంది. ఒక విడతలో కాంతి తగిలేది మొత్తం తెల్ల కణాల్లో చిన్న భాగానికే. చనిపోతున్న ఆ కణాల్ని రోగనిరోధక వ్యవస్థలోని వేరే కణాలు మింగి, శాంతించమనే సంకేతం ఇస్తాయి. దాడిని అదుపు చేసే టీ కణాలు పెరుగుతాయి. లింఫోమాలో మాత్రం ఈ చికిత్స రోగనిరోధక వ్యవస్థకు క్యాన్సర్ కణాల్ని గుర్తుపట్టడం నేర్పుతుందని పరిశోధకుల అవగాహన. స్టెరాయిడ్లలా ఒంటి రక్షణ మొత్తాన్ని అణచేయదు కాబట్టి ఇన్ఫెక్షన్ల భయం తక్కువ. ఈ చికిత్స మీద నాకు గౌరవం అందుకే. అమెరికా చర్మవైద్యుడు రిచర్డ్ ఎడెల్సన్ బృందం 1987లో లింఫోమా రోగుల ఫలితాలు ప్రచురించింది. మరుసటి ఏడాదే అమెరికాలో అనుమతి వచ్చింది.

ఇక మీరు చేయాల్సింది. ముందు రోజు ఉదయం నుంచే నీళ్లు బాగా తాగండి. గుండె, కిడ్నీ జబ్బుల వల్ల నీళ్లకు హద్దు ఉంటే డాక్టర్ చెప్పినంతే. ఒంట్లో నీరు తక్కువైతే నరం దొరకదు, మధ్యలో కళ్లు తిరుగుతాయి. భోజనం మానొద్దు, కానీ నూనె, నెయ్యి తగ్గించాలి. పూరీలు, వేపుళ్లు, బిర్యానీ తిని వస్తే ప్లాస్మా పాలలా తెల్లబడుతుంది, యంత్రం కణాల్ని సరిగా వేరుచేయలేదు, కాంతి కూడా లోపలికి చొరదు. చికిత్స ఆపాల్సి రావచ్చు. ఇడ్లీ, పెరుగన్నం, చారన్నం చాలు.

సూది మామూలు రక్తపరీక్ష సూది కన్నా లావు. వారం ముందు నుంచే స్పాంజి బంతి పిసుకుతుంటే నరాలు కాస్త పైకి తేలతాయి. వచ్చే రోజు చేతులు వెచ్చగా ఉంచుకోండి, వదులు చొక్కా వేసుకోండి, బాత్రూంకి వెళ్లొచ్చి కూర్చోండి. రెండు మూడు గంటలు పట్టొచ్చు. పెదవులు తిమ్మిరెక్కితే, తల తేలిపోతున్నట్టుంటే వెంటనే చెప్పండి. మనవాళ్లు "నర్సమ్మని ఇబ్బంది పెట్టడమెందుకు" అని ఓర్చుకుంటారు. దయచేసి ఓర్చుకోవద్దు. యంత్రం వేగం తగ్గించడం, అవసరమైతే కాల్షియం ఇవ్వడం మాకు చిన్న పని. కంటి లెన్స్ తీయించుకుని కొత్తది పెట్టించుకోకపోయినా, రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే హెపారిన్ మందు పడకపోయినా, గర్భం ఉన్నా, ఎండ పడని జబ్బు ఉన్నా ముందే చెప్పాలి.

అయ్యాక 24 గంటలు యూవీఏని ఆపే నల్ల కళ్లద్దాలు పెట్టుకోవాలి. ఇంట్లో కిటికీ దగ్గరా, కారులో కూడా, ఎందుకంటే యూవీఏ మామూలు అద్దంలోంచి వస్తుంది. పొడుగు చేతుల బట్టలు, టోపీ, సన్‌స్క్రీన్ తప్పనిసరి. రక్తం గడ్డకట్టకుండా మందు ఇస్తారు కాబట్టి ఆ రోజు గడ్డం గీసుకోవడం, పళ్లు పీకించుకోవడం వద్దు. సాయంత్రానికి కాస్త ఒళ్లు వెచ్చబడొచ్చు. 38 డిగ్రీల సెల్సియస్ దాటితే తెల్లారేదాకా ఆగకుండా యూనిట్‌కి ఫోన్ చేయండి.

సాధారణంగా వరుసగా రెండు రోజులు కలిపి ఒక విడత, తర్వాత జబ్బును బట్టి రెండు నుంచి నాలుగు వారాలకోసారి. మొదటి రెండు విడతలకే మార్పు కనిపించలేదని చాలామంది కుంగిపోతారు. ఇది నెమ్మదిగా పనిచేస్తుంది. మూడు నుంచి ఆరు నెలలు చూస్తేగానీ తేలదు. అందుకే నెలకోసారి ఒకే చోట, ఒకే వెలుతురులో చర్మం ఫోటో తీసుకోండి. నోరు ఎంత తెరుచుకుంటోంది, మోచెయ్యి ఎంత వంగుతోంది రాసుకోండి. రోజూ అద్దంలో చూసుకునేవాళ్లకు కనపడని మార్పు ఆ ఫోటోల్లో తెలుస్తుంది. స్టెరాయిడ్ తగ్గించాలా అనేది డాక్టర్ వాటిని చూసి నిర్ణయిస్తారు, మీ అంతట మీరు మాత్రం ఒక్క మాత్ర కూడా ఆపొద్దు.